జపాన్ ఇంటి వంట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో జపాన్ ఇళ్లలో నిత్యం చేసుకునే మిసో సూపు, ఒనిగిరి అనే అన్నపు ముద్దలు, చవన్ముషి అనే ఆవిరి మీద ఉడికించే గుడ్డు వంటకం తయారీ క్లుప్తంగా ఇచ్చాం. ఆ క్లుప్తత వల్ల కొందరికి వంట కుదరలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. చాలామంది ఏం వేయాలి, ఎంత వేయాలి అని అడిగారు. నా అనుభవంలో మాత్రం ఈ వంటలు చెడేది దినుసు తక్కువై కాదు, పొయ్యి మీంచి దించవలసిన వేళకు దించకపోవడం వల్ల. అందుకే ఈసారి కొలతలతో పాటు వేడి సంగతి కూడా వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేము శాకాహారులం. ఏ జపాన్ వంట చూసినా దాషి అనే రసంతోనే మొదలవుతోంది, అందులో చేప ఉంటుందని తెలిసి ఆగిపోయాం. చేప లేకుండా దాషి చేసుకోవచ్చా? రుచిలో లోటు ఉంటుందా?

జవాబు: నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. జపాన్ బౌద్ధ మఠాలలో శోజిన్ ర్యోరి అనే సంప్రదాయం ఉంది. చేప, మాంసం తాకని ఆ వంట శతాబ్దాలుగా సాగుతోంది. జెన్ గురువు డోగెన్ 1237లోనే మఠంలో వంట చేసే భిక్షువు బాధ్యతలను వివరిస్తూ ఒక గ్రంథం రాశాడంటే, వాళ్లు వంటను ఎంత శ్రద్ధగా చూశారో ఊహించుకోవచ్చు.

మామూలు దాషిలో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచు, ఇది ఎక్కువగా జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో తీరం నుంచి వస్తుంది. రెండోది కత్సుఓబుషి, అంటే కత్సుఓ అనే చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు పలుచటి పొరలుగా తీసినది. శాకాహార దాషిలో ఈ రెండో దాని స్థానంలో ఎండు షీటాకే పుట్టగొడుగులు వేస్తారు.

ఈ మార్పు ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు రసం నుంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదులలో దేనికీ చెందని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆయన శిష్యుడు షింతారో కొడామా 1913లో కత్సుఓబుషిలో ఇనోసినేట్‌ను గుర్తించాడు. 1957లో అకిరా కునినాకా గ్వానిలేట్ అనే పదార్థానికీ ఇదే రుచి ఉందని చూపించాడు. షీటాకేలో ఉన్నది అదే. గ్లుటామేట్‌కు ఈ రెండింటిలో ఏ ఒక్కటి తోడైనా, విడివిడిగా ఇచ్చే రుచుల మొత్తం కంటే ఎన్నో రెట్లు గాఢమైన రుచి నాలుకకు తెలుస్తుంది. కనుక కొంబు, షీటాకే కలిసినప్పుడు లోటు అనే మాట రాదు. వాసన మాత్రం వేరుగా ఉంటుంది. చేప దాషిలో పొగ వాసన ఉంటే, దీనిలో అడవి నేల వాసన ఉంటుంది, అది అందరికీ నచ్చాలని లేదు.

ఒక లీటరు నీటికి 10 గ్రాముల కొంబు, మూడు లేదా నాలుగు ఎండు షీటాకే తీసుకోండి. కొంబు మీద కనిపించే తెల్లటి పొడిని బూజు అనుకుని కడిగేయకూడదు. అది నాచులోంచే పైకి వచ్చిన తియ్యటి పదార్థం, పొడి గుడ్డతో దుమ్ము మాత్రం తుడిస్తే చాలు. రెండింటినీ చల్లటి నీటిలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి. పొద్దున ఆ నీటితో సహా గిన్నెను సన్నటి మంట మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేవడం మొదలవగానే, తెర్లక ముందే, కొంబును తీసేయండి. కొంబును మరగనిస్తే రసానికి జిగురు, ఒక రకమైన వగరు వస్తాయి. షీటాకేను మాత్రం మరికొన్ని నిమిషాలు ఉంచవచ్చు. చల్లటి నీటిలో నెమ్మదిగా నానిన తర్వాత వేడి తగిలినప్పుడే దానిలో గ్వానిలేట్ బాగా ఏర్పడుతుంది. తర్వాత పిండకుండా వడకట్టండి. మీ నీరు బాగా కఠినమైనదైతే కొంబు సారం సరిగా దిగదు, అలాంటప్పుడు మరిగించి చల్లార్చి తేర్చిన నీరు గానీ, వడపోత యంత్రం నుంచి వచ్చిన మెత్తటి నీరు గానీ వాడండి.

రెండు హెచ్చరికలు. దాషి పేరుతో అమ్మే పొడులలో చాలావాటిలో చేప ఉంటుంది కాబట్టి, దినుసుల జాబితా చదవకుండా కొనకండి. కొంబులో అయొడిన్ చాలా ఎక్కువ; థైరాయిడ్ సమస్య ఉన్నవారు దీనిని తరచుగా వాడే ముందు వైద్యులను అడగడం మంచిది.

మిగిలిన కొంబును పారేయవద్దు. సన్నగా తరిగి, సోయా సాస్, చక్కెర, కొద్దిపాటి నీటితో నీరంతా ఇగిరేదాకా ఉడికిస్తే త్సుకుదాని అనే నంజుకునే వంటకం తయారవుతుంది. దాని అవసరం ఇంకో జవాబులో వస్తుంది.

ప్రశ్న: మిసో సూపు మొదటిరోజు బాగానే ఉంది. రెండోసారి బాగా మరిగిస్తే ఇంకా రుచి వస్తుందని పది నిమిషాలు మరిగించాను. ఉప్పు నీళ్లలా అయింది. పైగా గుప్పెడు వకామె నాచు వేస్తే గిన్నె నిండిపోయింది.

జవాబు: వకామె విషయంలో మీరు ఒంటరి కారు. ఎండు వకామె నీటిలో పది రెట్ల దాకా బరువెక్కుతుంది, నలుగురికి ఒక టేబుల్ స్పూను కంటే ఎక్కువ అవసరం లేదు.

మిసో సంగతికి వస్తే, దీనిని ఉడికించిన సోయాకు ఉప్పు, కోజి కలిపి నెలల తరబడి పులియబెట్టి చేస్తారు. కోజి అంటే బియ్యం మీద గానీ, బార్లీ మీద గానీ, సోయా మీద గానీ పెంచిన ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు. అన్ని నెలలలో పుట్టిన సువాసన ఆవిరితో ఎగిరిపోయే స్వభావం గలది. మరిగిస్తే అది వంటింటికి పట్టి, గిన్నెలో ఉప్పు మాత్రం మిగులుతుంది. కాబట్టి దాషిలో టోఫు, కూరగాయ ముక్కలు ముందే ఉడికించి, పొయ్యి కట్టేసి, గరిటెలో కొంచెం రసం తీసుకుని దానిలో మిసోను ఉండలు లేకుండా కలిపి, గిన్నెలో పోయాలి. ఆ తర్వాత మళ్లీ సన్నటి మంట పెట్టి, అంచుల దగ్గర మొదటి కదలిక కనిపించగానే దించేయాలి. తెర్లడం మొదలయ్యే ఆ క్షణానికి జపాను భాషలో నియెబనా అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, సూపు వాసన పరాకాష్ఠకు చేరేది అప్పుడేనని వాళ్ల నమ్మకం, నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఒక్కొక్కరికి సుమారు 180 మిల్లీలీటర్ల దాషికి ఒక టేబుల్ స్పూను కంటే కొంచెం తక్కువ మిసో సరిపోతుంది, అయితే ఇది మీరు కొన్న రకాన్ని బట్టి మారుతుంది. క్యోటో వైపు చేసే తెల్ల మిసోలో ఉప్పు 5 నుంచి 6 శాతమే, తియ్యగా ఉంటుంది; ఎర్ర మిసోలో అది 11 నుంచి 13 శాతం దాకా ఉంటుంది. ఐచి ప్రాంతంలోని ఒకజాకిలో కేవలం సోయాతో చేసే హచ్చో మిసో దాదాపు నల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. కొత్తవారికి దానితో మొదలుపెట్టమని నేను చెప్పను.

ప్రశ్న: ఒనిగిరి చేతిలోనే విరిగిపోతోంది. గట్టిగా నొక్కితే రాయిలా అవుతోంది. సుషీలో లాగా వెనిగర్ కలపాలా?

జవాబు: వద్దు. వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపేది సుషీ అన్నంలో మాత్రమే. ఒనిగిరికి వట్టి అన్నం, చేతికి ఉప్పు. విరిగిపోవడానికి మొదటి కారణం బియ్యం రకం అయి ఉంటుంది. పొడవు గింజ బియ్యం స్వభావసిద్ధంగా పొడిపొడిగా ఉడుకుతుంది, దానితో ఎవరు చేసినా ముద్ద నిలవదు. పొట్టి గింజ జపొనికా రకం కావాలి. 1956లో నమోదైన కోషిహికారి వాటిలో పేరుమోసినది. సుషీ బియ్యం అని రాసి ఉన్న సంచీ దొరికినా సరిపోతుంది.

జపాను కొలత పాత్ర 180 మిల్లీలీటర్లది, దానిని ఒక గో అంటారు. రెండు గోల బియ్యాన్ని నీళ్లు కాస్త తేటపడేదాకా సుతారంగా కడిగి, అరగంట నానబెట్టి, నీళ్లు వంపేసి, 400 మిల్లీలీటర్ల నీరు పోయండి. మందపాటి గిన్నెలో మూత పెట్టి, ఎసరు మరిగేదాకా మధ్యస్థపు మంట, తర్వాత పది పన్నెండు నిమిషాలు బాగా సన్నటి మంట. ఈ మధ్యలో మూత తీసి చూడకండి. పొయ్యి కట్టేశాక మరో పది నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి. ఈ ఆఖరి పది నిమిషాలను చాలామంది ఎగ్గొడతారు. అప్పుడు పైన మెతుకు బిరుసుగా, అడుగున ముద్దగా ఉండి, ఒనిగిరి విరిగేది సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే.

ముద్ద చేసేటప్పుడు అన్నం వేడిగానే ఉండాలి. తడి చేతికి చిటికెడు ఉప్పు రాసుకుని, సుమారు 100 గ్రాముల అన్నం తీసుకుని, మధ్యలో గుంట చేసి, ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండు గానీ, పైన చెప్పిన కొంబు త్సుకుదాని గానీ పెట్టి మూసేయండి. ఒక అరచేతిని ఇంటి పైకప్పులా వంచి, తిప్పుతూ మూడు నాలుగుసార్లు మాత్రమే అదిమితే చాలు. మెతుకుల మధ్య గాలి మిగలాలి. బయట నిలిచి, నోట్లో విడిపోతేనే అది బాగా కుదిరినట్టు. నోరి నాచు కాగితాన్ని తినే ముందు చుడితే కరకరలాడుతుంది.

డబ్బాలో కట్టి తీసుకెళ్లేటట్టయితే, వట్టి చేతితో కాకుండా వంటకు వాడే పలుచటి ప్లాస్టిక్ పొరలో పెట్టి ముద్ద చేయండి, చేతి మీది బ్యాక్టీరియా గోరువెచ్చటి అన్నంలో త్వరగా పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం బిగుసుకుని అన్నం గట్టిపడుతుంది. నిల్వ చేయాలంటే ఫ్రీజర్‌లో పెట్టి, మళ్లీ బాగా వేడి చేసుకోవడం మేలు.

ప్రశ్న: మా ఇంట్లో మద్యం వాడము. మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం బదులు ఏం వేయాలి?

జవాబు: అసలైన మిరిన్‌లో ఆల్కహాల్ సుమారు 14 శాతం ఉంటుంది, ఉడికించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఒక టేబుల్ స్పూను మిరిన్ బదులు అంతే నీటిలో ఒక టీ స్పూను చక్కెర కరిగించి వేయండి. తీపి వస్తుంది, వంటకం మీది మెరుపు కొంత తగ్గుతుంది. నియమం కచ్చితంగా పాటించేవారు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది: సహజంగా పులియబెట్టిన సోయా సాస్‌లో కూడా రెండు శాతం అటూ ఇటూగా ఆల్కహాల్ పుడుతుంది. నిర్ణయం మీది.

ప్రశ్న: చవన్ముషి మూడుసార్లు చేశాను. మొదటిసారి తేనెపట్టులా రంధ్రాలు పడి నీళ్లు ఊరింది. రెండోసారి కొంచెం మెరుగు. మూడోసారి పచ్చి మైటాకే పుట్టగొడుగులు తరిగి వేస్తే అరగంటైనా గడ్డకట్టలేదు. నా చేతిలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది.

జవాబు: మూడోసారి తప్పు మీ చేతిది కాదు, పుట్టగొడుగుది. పచ్చి మైటాకేలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. అది గుడ్డును గడ్డకట్టనివ్వదు. ముక్కలను మరిగే నీటిలో ముందే ఉడికించి వేస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. షీటాకేతో ఈ ఇబ్బంది రాదు.

మొదటిసారి జరిగినదానికి కారణం వేడి. ఈ వంటకంలో గుడ్డుకు మూడు రెట్లు దాషి కలుస్తుంది, అంత పలుచబడిన గుడ్డు 80 డిగ్రీల సెంటీగ్రేడ్ ప్రాంతంలో మెల్లగా కుదురుకుంటుంది. ఆవిరి 100 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మంట పెద్దదైతే లోపలి నీరు బుడగలుగా లేచి, అప్పటికే గట్టిపడిన గుడ్డులో దారులు చేసుకుంటుంది. ఆ రంధ్రాలను జపాన్ వంటవాళ్లు సు అంటారు. ఒకసారి పడితే పూడ్చే ఉపాయం లేదు.

రెండు గుడ్లకు, అంటే దాదాపు 100 మిల్లీలీటర్లకు, పూర్తిగా చల్లారిన దాషి 300 మిల్లీలీటర్లు, లేత రంగు సోయా సాస్ ఒక టీ స్పూను, ఉప్పు పావు టీ స్పూను తీసుకోండి. గుడ్లను నురగ రానంత నెమ్మదిగా, తినడానికి వాడే పుల్లలను (చాప్‌స్టిక్‌లను) గిన్నె అడుగుకు ఆనించి అటూ ఇటూ కదుపుతూ కలపండి. గిలకొడితే గాలి చేరుతుంది. దాషి పోసి కలిపి, జల్లెడలో వడకట్టడం తప్పనిసరి, తెల్లసొన తీగలు అక్కడే ఆగిపోవాలి. చిన్న కప్పులలో పోసి, పైన తేలిన బుడగలను చెంచాతో తీసేసి, ఒక్కో కప్పు మీద రేకు కప్పండి. ఆవిరి బాగా వస్తున్న పాత్రలో పెట్టి రెండు నిమిషాలు పెద్ద మంట మీద, పైభాగం తెల్లబడగానే బాగా సన్నటి మంట మీద పది నుంచి పన్నెండు నిమిషాలు ఉంచండి. ఈ రెండో దశలో మూతకు, పాత్రకు మధ్య ఒక పుల్ల అడ్డం పెట్టి సందు వదిలితే అదనపు వేడి బయటికి పోతుంది. పుల్ల గుచ్చి చూసినప్పుడు తేటటి రసం ఊరితే ఉడికినట్టే, మసకగా వస్తే మరో రెండు నిమిషాలు. మధ్య భాగం ఇంకా వణుకుతూ ఉండగానే దించండి, మిగతా పని కప్పులోని వేడి చూసుకుంటుంది.

ప్రశ్న: గుమ్మడికాయ నిమోనోలో, అంటే దాషిలో ఉడికించిన కూరలో, ముక్కలు చిదిమిపోతున్నాయి, ఉప్పు ఎక్కుతోంది కానీ తీపి లోపలికి పోవడం లేదు. మసాలాలు వేయడానికి ఏదైనా వరుస ఉందా?

జవాబు: ఉంది. సా, షి, సు, సె, సో అని జపాన్ ఇళ్లలో పిల్లలు కూడా చెబుతారు: సతో అంటే చక్కెర, షియో అంటే ఉప్పు, సు అంటే వెనిగర్, సె అంటే పాత వర్ణక్రమం ప్రకారం సోయా సాస్, సో అంటే మిసోలోని చివరి అక్షరం. చక్కెర నెమ్మదిగా లోపలికి దిగుతుంది కాబట్టి ముందు. సోయా సాస్, మిసోలకు వాసన ముఖ్యం కాబట్టి చివర.

కబోచా గుమ్మడి 400 గ్రాములను పెద్ద ముక్కలుగా కోసి, పదునైన అంచులను చాకుతో కొంచెం గుండ్రంగా చెక్కండి, చిదిమిపోవడం అంచుల దగ్గరే మొదలవుతుంది. చెక్కు కిందికి వచ్చేలా ఒకే వరుసలో పేర్చి, 200 మిల్లీలీటర్ల దాషి, ఒక టేబుల్ స్పూను చక్కెర వేసి అయిదు నిమిషాలు ఉడికాక ఒక టేబుల్ స్పూను సోయా సాస్ పోయండి. గిన్నె కంటే చిన్నదైన మూత ముక్కల మీదే ఆనేలా పెట్టండి, లేదా వంట కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి మధ్యలో రంధ్రం చేసి కప్పండి. తక్కువ రసం కూడా కాగితానికి తగిలి ముక్కలన్నిటి మీదికీ వస్తుంది, గరిటె పెట్టే పని ఉండదు. మరో ఎనిమిది పది నిమిషాలకు పుల్ల సులువుగా దిగితే పొయ్యి కట్టేసి, అలాగే చల్లారనివ్వండి. రుచి ముక్కలోకి దిగేది ఎక్కువగా ఈ చల్లారే సమయంలోనే, అందుకే దీనిని భోజనానికి గంట ముందే చేసుకోవాలి.

ప్రశ్న: జపాన్ ఆసాజుకే, కొరియా కిమ్చి రెండూ కూరగాయలకు ఉప్పు పట్టించేవే కదా, మరి మొదటిది రెండు రోజుల్లో పాడవుతుందని, రెండోది నెలలు ఉంటుందని ఎందుకు అంటారు?

జవాబు: ఆసాజుకే పులిసేది కాదు. అర కిలో కీరా లేదా క్యాబేజీకి బరువులో 2 శాతం, అంటే 10 గ్రాముల ఉప్పు, చిన్న కొంబు ముక్క వేసి, పైన బరువు పెట్టి ఒకటి రెండు గంటలు ఉంచితే అయిపోతుంది. క్రిములను అడ్డుకునేంత ఉప్పు గానీ, పులుపు గానీ అందులో లేవు. 2012లో హొక్కైడోలో ఒక తయారీ కేంద్రం నుంచి వచ్చిన కలుషితమైన ఆసాజుకే తిని ఓ157 అనే బ్యాక్టీరియా సోకి 8 మంది మరణించారు. కూరగాయలను, చేతులను, పాత్రలను శుభ్రంగా కడిగి, ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజులలో తినేయండి.

కిమ్చిలో లాక్టిక్ బ్యాక్టీరియా పుట్టించే ఆమ్లం కాపలా కాస్తుంది. నాపా క్యాబేజీని కళ్లుప్పుతో ఆరేడు గంటలు ఊరబెట్టి, కడిగి ఓడ్చి, జిగురు బియ్యపు జావలో కొచుగారు అనే కొరియా మిరప పొడి, వెల్లుల్లి, అల్లం కలిపిన ముద్దను ఆకు ఆకుకూ పట్టించాలి. కొరియాలో ఇందులో చేప సాసో, ఉప్పు రొయ్యలో వేస్తారు. శాకాహారులు వాటికి బదులు చిక్కటి కొంబు, షీటాకే రసం, సోయా సాస్ వేసుకోవచ్చు. గది వేడిమిలో ఒకటి రెండు రోజులు ఉంచి, బుడగలు కనిపించగానే ఫ్రిజ్‌లోకి మార్చండి. సీసాను నిండా నింపవద్దు, లోపల పుట్టే గ్యాస్‌కు చోటు కావాలి. కారం వద్దనుకునేవారికి మిరప లేని పెక్ కిమ్చి ఉంది. కొరియాలో శీతాకాలానికి ముందు ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పెట్టుకునే కిమ్‌జాంగ్‌ను, జపాన్ వషోకు భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2013 డిసెంబరులో ఒకే సమావేశంలో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రశ్న: ఒక్కదాన్నే వండుకుని నలుగురికి పెట్టాలి. ఇచిజు సన్సాయ్, అంటే ఒక సూపు, మూడు కూరలు, అన్నీ వేడిగా ఒకేసారి ఎలా సిద్ధం చేయాలి?

జవాబు: అన్నీ వేడిగా ఉండాలన్న పట్టుదల వదిలేయండి, ఆ భోజనంలో వేడిగా ఉండవలసినవి అన్నం, సూపు మాత్రమే. దాషి ముందు రాత్రే నానబెట్టండి. మధ్యాహ్న భోజనానికయితే పదకొండింటికి గుమ్మడి నిమోనో చేసి చల్లారబెట్టి, ఆసాజుకేకు ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పదకొండున్నరకు బియ్యం నానబెట్టి, ఈలోగా పాలకూరను మరిగే నీటిలో ఒక నిమిషం వేసి తీసి, చన్నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, మూడు టేబుల్ స్పూన్ల వేయించి నూరిన నువ్వులు, ఒక్కో టేబుల్ స్పూను చొప్పున సోయా సాస్, చక్కెర కలిపిన ముద్ద సిద్ధం చేసుకోండి. దానిని వడ్డించే ముందు మాత్రమే కలపండి, ముందే కలిపితే నీరు వదులుతుంది. మూడో కూరగా చల్లటి టోఫు మీద అల్లం తురుము, కొంచెం సోయా సాస్ చాలు. పన్నెండింటికి అన్నం పొయ్యి మీద పెట్టండి. అది ఉమ్మగిలే పది నిమిషాలలో సూపు ముక్కలు ఉడుకుతాయి. అందరూ కూర్చున్నాక మిసో కలపండి.